కనకయ్య మామ బిగించిన చైన్

ఇది ఒక దండయాత్ర కథ. ఇందులో ముహూర్తం ముంచుకొస్తుంది, ఇనుము మూలుగుతుంది, ముప్పై ఏళ్ల విద్య ఒక్క పూటలో తలకిందులవుతుంది, ఇద్దరు వీరులు ఒకే వాహనం మీద మూడు కోటలను ఒకటిన్నర గంటలో పట్టుకోవలసి వస్తుంది. ఇలా మొదలుపెట్టి మీ చేత ఊపిరి బిగపట్టిద్దామనుకున్నాను. నిజానికి ఇది ఒక సెకండ్ హ్యాండ్ మోటార్ సైకిల్‌కు ఆయిల్ మార్చి చైన్ సరిచేసిన సంగతి. వీరుల్లో ఒకరికి మోకాళ్ల నొప్పులు.

నాలుగేళ్ల కిందట, దీపావళికి షెడ్లు మూతపడే సాయంత్రం, నాకు మూడు షెడ్ల ఫిట్టర్‌గా ఉత్తర్వు వచ్చింది. ఉత్తర్వు అంటే కాగితం కాదు. సేఠ్ మిఠాయి డబ్బా చేతిలో పెడుతూ, "శీనుభాయ్, లాభ్ పాంచమ్ సే తీనో షెడ్ తేరే. గాడీ లే లే" అన్నాడు. మూడు షెడ్లూ నీవే, బండి కొనుక్కో అని. అప్పటిదాకా సూరత్ పాండేసరాలో ఒక్క షెడ్‌కు ఫిట్టర్‌ని. ఇప్పుడు బమ్రోలి, సచిన్ పేటల్లోని షెడ్లు కూడా కలిశాయి. హోదా పెరిగింది, జీతం సంగతి తర్వాత చూద్దామన్నారు, బండి మాత్రం వెంటనే కావాలి.

ఈ వృత్తి తెలియనివారి కోసం ర్యాంకులు చెబుతాను. సూరత్ పవర్‌లూమ్ షెడ్‌లో కారీగర్ మగ్గాన్ని నడుపుతాడు. ఫిట్టర్ ఆగిన మగ్గాన్ని మళ్లీ నడిపిస్తాడు. మాస్టర్ ఎందుకు ఆగిందని ఇద్దరినీ తిడతాడు. నేను ఈ నడిమి హోదాలో పదకొండేళ్లు పనిచేసి, ఇరవై తొమ్మిదో ఏట పదవీ విరమణ చేశాను. ఆ వయసులో విరమణ ఏమిటని అందరూ అడుగుతారు. నేను విరమించలేదు, మగ్గాలు విరమించాయి. సేఠ్ షటిల్ మగ్గాలన్నిటినీ తుక్కు కింద అమ్మేసి కొత్త రకం తెచ్చాడు. సన్మానంలో నాకు పేక నూలు మోసే పాత షటిల్ ఒకటి, సగం ప్లేటు ఖమన్ ఢోక్లా ఇచ్చారు. మిగతా సగం మాస్టర్ తిన్నాడు.

లాభ్ పాంచమ్ అంటే దీపావళి తర్వాత ఐదో రోజు. గుజరాతీ వ్యాపారాలన్నీ ఆ రోజే తలుపులు తెరుస్తాయి. మా సేఠ్‌కు దాని మీద ఒక సొంత నియమం ఉంది. మూడు షెడ్లలోనూ మొదటి మగ్గాన్ని ముహూర్తం లోపల ఒకే మనిషి చెయ్యి కదిలించాలి. హ్యాండిల్ నొక్కి, నేసి ఉన్న గుడ్డను జానెడు మేర అరచేత్తో నిమరాలి. 'ఏక్ హాథ్' అనేవాడు. ఒకే చెయ్యి మొదలుపెడితే ఏడాదంతా మూడు షెడ్లూ ఒకే మాట మీద ఉంటాయని నమ్మకం. నాకు ముందున్న ఫిట్టర్‌కు సొంత బండి ఉండేది. ఆయన భీవండీకి వెళ్లిపోయాడు. ముహూర్తం ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర. ఆ లోపు మూడు చోట్లా నా చెయ్యి పడకపోతే, కొత్త హోదా పండుగతోపాటే ముగుస్తుంది, నేను మళ్లీ ఒక్క షెడ్ ఫిట్టర్‌నే. ఈ సంగతి సేఠ్ బెదిరింపుగా చెప్పలేదు. పంచాంగం చెప్పినట్టు చెప్పాడు.

బండి నవాగామ్‌లో దొరికింది. వంద సీసీ, నల్లది, ట్యాంకు మీద ఎర్ర గీత. అమ్మినాయన దాన్ని ఒక స్కూలు మాస్టారు నడిపాడనీ, ఆదివారాలు మాత్రమే నడిపాడనీ, అదీ మెల్లగా నడిపాడనీ చెప్పాడు. నేను కిక్ కొట్టాను. రెండో కిక్‌కు లేచింది. ఆ చప్పుడు విన్నాక నాకు ఇంకేమీ వినపడలేదు. గోడాదరాలో మా గల్లీ మలుపు తిరిగేసరికి హారన్ మూడుసార్లు మోగించాను. దారిలో అడ్డం ఎవరూ లేరు.

మా ఇంట్లో ముగ్గురం. నేను, నా భార్య లావణ్య, ఆమె తండ్రి కనకయ్య. కనకయ్య నాకు మేనమామ, తర్వాత పిల్లనిచ్చిన మామ, వీటన్నిటికంటే ముందు నాకు మగ్గం నేర్పిన గురువు. సిరిసిల్ల వైపు నుంచి పదిహేడో ఏట సూరత్ వచ్చి ముప్పై ఏళ్లు మాస్టర్‌గా చేశాడు. ఒకే మనిషి మూడు హోదాల్లో ఎదురుగా కూర్చుంటే ఎదురు మాట్లాడటం కష్టం. ఏ హోదాకు జవాబు చెప్పాలో తేలేలోపు ఆయన మాట్లాడటం ముగిస్తాడు.

ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, "మంచిగనే ఉందిరా అల్లుడా. ఇగ చార్జి తీస్కో" అన్నాడు.

చార్జి తీసుకోవడం మా పనిలో ఒక పద్ధతి. కొత్త షెడ్‌కు వెళ్లిన ఫిట్టర్, పాత ఫిట్టర్ చెప్పిన మాట ఒక్కటీ నమ్మడు. నిన్ననే నూనె వేశానంటే మళ్లీ వేస్తాడు. బోల్టు బిగువుగా ఉందంటే విప్పి మళ్లీ బిగిస్తాడు. బిగించిన ప్రతి నట్టు మీదుగా పక్క ఇనుము దాకా సుద్దముక్కతో ఒక గీత గీస్తాడు. నట్టు కదిలితే గీత రెండు ముక్కలై దొరికిపోతుంది. ఆ రోజు నుంచి మగ్గానికి ఏం జరిగినా బాధ్యత కొత్తవాడిది. పాత బండి కొన్నవాళ్లు చేయవలసింది కూడా అచ్చం ఇదే. మెకానిక్కులందరూ లాభ్ పాంచమ్ దాకా ఊళ్లకు వెళ్లిపోయారు కాబట్టి మేమే చేశాం. వాళ్లు సూరత్‌లోనే ఉన్నా బండిని వాళ్ల చేతికి ఇచ్చేవాణ్ణి కాదు. అంత హుషారులో ఉన్నాను.

దీపావళి వారంలో సూరత్‌లో మా వైపు వింతగా ఉంటుంది. మగ్గాలు ఆగిపోతాయి కాబట్టి, పక్కింటివాళ్లు ఎంత గట్టిగా మాట్లాడుకుంటారో అప్పుడు తెలుస్తుంది. ఆ నిశ్శబ్దంలో మా మెట్ల కింద పాత చీర పరిచి బండిని డబల్ స్టాండ్ వేశాం.

మొదట ఇంజన్ ఆయిల్. బండిని ఐదు నిమిషాలు నడిపి, వేడిగా ఉన్నప్పుడే కింది బోల్టు విప్పాలి. చల్లారితే మడ్డి అడుగునే ఉండిపోతుంది. వచ్చింది ఆయిల్ కాదు, చింతపండు పులుసు. తర్వాత ఎయిర్ ఫిల్టర్. మూత తీయగానే లోపల నూలు తుక్కు, రంగురంగుల దారప్పోగులు, గుప్పెడు.

మామ ఆ తుక్కును వేళ్ల మధ్య నలిపి చూశాడు. "మాస్టారు నడిపిండన్నడు గద? నిజమే. మాస్టరే. లూమ్ మాస్టర్."

"అంటే మనోళ్లదే బండి, మామా."

"మనోళ్లదైతే ఇంక భయం. మనం మగ్గాన్ని తుడుస్తం గని మనది ఏదీ తుడవం."

ప్లగ్ విప్పి మసి గీకి, కొత్తది వేశాం. కార్బురేటర్ అడుగు గిన్నెలో చెంచాడు ఇసుక ఉంది. బ్రేక్ షూలు రెండూ మార్చాం. క్లచ్ తీగలో పై నుంచి నూనె చుక్కలు వదులుతూ, కింద చివర తడి కనబడేదాకా కూర్చున్నాను. బ్యాటరీ కొసల మీది తెల్లటి పూత వేడినీళ్లతో పోయింది. ప్రతి మెట్టు దగ్గరా బండి కొంచెం కొంచెం నాదవుతోంది. ఇంతకాలం ఇరవైనాలుగు మగ్గాలకు చాకిరీ చేశాను, వాటిలో ఒక్కటీ నన్ను ఎక్కించుకుని ఎక్కడికీ తీసుకెళ్లలేదు. లావణ్య రెండుసార్లు టీ తెచ్చి, రెండుసార్లూ చల్లారిన కప్పులు తీసుకెళ్లింది.

మూడో రోజు చైన్. కిరసనాయిలుతో, పాత టూత్‌బ్రష్షుతో కడిగితే కింద నుంచి తెల్లటి ఇనుము బయటపడింది. అప్పటిదాకా సలహాలకే పరిమితమైన మామ, మోకాళ్ల మీద చేతులు ఆనించి మెల్లగా దిగి కూర్చున్నాడు.

"ఇది నేను జూస్త."

చైన్ కింది వరస వేలితో తడితే కిందికి మీదికి ఊగుతోంది. మామ ముఖం చూస్తే ఎవరో పెద్దవాళ్ల ముందు చొక్కా గుండీలు పెట్టుకోకుండా వచ్చినట్టుంది. ఆయన లోకంలో వదులు అన్నది ఒక్కటే అర్థం ఉన్న మాట: తప్పు. మగ్గం మీద పడుగు వదులైతే పోగులు చిక్కుపడతాయి, షటిల్ తప్పుతుంది, గుడ్డ మీద అల పడుతుంది, అమ్మిన తాకా, అంటే గుడ్డ చుట్ట, తిరిగొస్తుంది. వేలితో మీటితే పడుగు పలకాలి. పలికితేనే దాన్ని మాస్టర్ వదిలిపెడతాడు. నాకు నేర్పిందీ అదే, నేను పదిమందికి నేర్పిందీ అదే.

వెనక చక్రం నట్టు వదులు చేసి, రెండు పక్కలా ఉన్న సర్దుబాటు నట్లు తిప్పి, చక్రాన్ని వెనక్కి లాగాం. తడితే ఊగడం తగ్గింది. ఇంకా తిప్పాం. మామ వంగి చైన్‌ను గోటితో మీటి చెవి పెట్టాడు. టంగుమంది.

"ఇగో. గిట్ల పలకాలె."

నేను సుద్దగీత గీశాను. లావణ్య ధాగా కటింగ్‌కు, అంటే వేలాడే దారాలు కత్తిరించడానికి, తెచ్చిన చీరలు మడతపెడుతూ మెట్ల మీద నుంచి చూస్తోంది. "బాపూ, నా కుట్టు మిషన్ పట్టా గూడ జర లూజ్ ఉంటది. టైట్ జేస్తే మోటార్ ఏడుస్తది."

"గది జాకిట్లు కుట్టేది బిడ్డా. గిది ఇంజన్."

"ఇంజన్ ఏడ్వదా?"

మామ పానా తుడవడం మొదలుపెట్టాడు. మూడు హోదాలవాడికి కూతురొక్కతే పై అధికారి.

నేను ఒంటరిగా గల్లీ చివరిదాకా వెళ్లి వచ్చాను. బండి గాలిలో తేలింది. ఆ రోజు నేనంత బాగా నడపలేదని లావణ్య అంటుంది, ఆమెకు వంటింటి కిటికీలోంచి నా మోచేతులే కనపడ్డాయి. తర్వాత మామను ఎక్కించుకుని తిప్పాను. గతుకు వచ్చినప్పుడల్లా వెనక నుంచి ఎవరో పాత తలుపు తీసినట్టు మూలుగు. మామ దిగితే లేదు. ఎక్కితే ఉంది.

"నేను బరువైతున్న గావొచ్చు" అన్నాడు మామ, కొంచెం నొచ్చుకుని.

మేము బ్రేకులు విప్పి చూశాం. చక్రం బేరింగులో గ్రీజు పెట్టాం. మూలుగు పోలేదు. ఇక శబ్దం వచ్చే చోట ఫిట్టర్ ఏం చేస్తాడు? వదులు వెతుకుతాడు. మామ చైన్ మీద వేలు పెట్టి, "ఇంక ఒక సుట్టు దొరుకుతది" అన్నాడు. దొరికింది. ఇంకో చుట్టు బిగించాం. ఆ నట్ల మీద గీతలు మళ్లీ గీసి, మిగతావన్నీ చూసుకున్నాను, ఒక్కటి కూడా విరగలేదు. మా పద్ధతి ప్రకారం బండిలో దోషమే లేదు. మూలుగు మాత్రం ఉంది.

లాభ్ పాంచమ్ ఉదయం పనిముట్ల సంచి పట్టుకుని మామ వెనక కూర్చున్నాడు. ఎనిమిదింటికి పాండేసరా. సేఠ్ తమ్ముడు కొబ్బరికాయ కొట్టాడు, నేను హ్యాండిల్ నొక్కాను, ఐదు రోజుల తర్వాత మొదటి షటిల్ అటు నుంచి ఇటు దూకింది. గుడ్డ నిమిరాను. పది నిమిషాల పని, ప్రసాదంతో ముప్పావు గంట అయింది. ఎవరి చేతి పేడా వద్దంటే వాళ్లకు కోపం. బమ్రోలి పక్కనే కాబట్టి వెంటనే చేరాం. అక్కడ పేడా నములుతూనే హ్యాండిల్ నొక్కాను. ఎనిమిది యాభై ఎనిమిదికి బయటపడ్డాం.

సచిన్ రోడ్డు పెద్దది, ఆ ఉదయం ఖాళీగా ఉంది. నా కొత్త పాత బండి, కొత్త హోదా, గాలి. ఇలాంటి సందర్భంలో మనిషికి పాట వస్తుంది. నాకు మూలుగు వచ్చింది. మొదట గతుకులకు, తర్వాత గతుకులు లేకుండానే. వెనక చక్రం దగ్గర నుంచి పెద్దగా టక్కుమని శబ్దం రాగానే పక్కకు ఆపాను. తొమ్మిది గంటల ఏడు నిమిషాలు.

చైన్ తెగలేదు. కానీ వేలు పెడితే కడ్డీలా ఉంది, వేడిగా. మామ సీటు మీద నుంచే వంగి, "ఏంది, వదులైందా?" అన్నాడు.

"లేదు మామా. నువ్వొకసారి దిగు."

దిగాడు. నా వేలి కింద చైన్ కొంచెం మెత్తబడింది.

"మల్ల ఎక్కు."

ఎక్కాడు. కడ్డీ.

"దిగు."

"అరే ఏందిరా, మోకాళ్లు నావి" అంటూ దిగాడు. మెత్తబడింది. అప్పుడు నేను చెప్పనవసరం లేకుండా, ఆయన తనే వంగి చైన్ మీద ఒక వేలి కొస పెట్టి, రెండో చేత్తో సీటును కిందికి నొక్కాడు. వదిలాడు. మళ్లీ నొక్కాడు. ముప్పై ఏళ్ల మాస్టర్‌కు అర్థమవడానికి మూడు నొక్కులు పట్టాయి. నాకు రెండు రోజులు పట్టింది కాబట్టి నేను నవ్వలేదు.

"మగ్గం మీద ఎవడు గూసుంటడురా" అన్నాడు, చాలా మెల్లగా. "మగ్గం ఊగదు. గిది ఊగుతది."

అంతే సంగతి. మగ్గంలో పడుగు చుట్టిన బీమ్ ఒక చోట, గుడ్డ చుట్టుకునే రోలర్ ఒక చోట, రెండింటి మధ్య దూరం ఎప్పుడూ ఒకటే. బండికి అలా కాదు. మనిషి కూర్చుంటే స్ప్రింగులు కుంగుతాయి, చక్రం పైకి లేస్తుంది, ఇంజన్‌కూ చక్రానికీ మధ్య దూరం పెరుగుతుంది. ఆ పెరిగే దూరానికి ముందే కొంత చైన్ అట్టే పెట్టాలి. మనం అశ్రద్ధ అనుకున్నది ఆ అట్టే పెట్టిన భాగం.

సంచి తెరిచాను. అందులో అన్నీ మగ్గం పానాలు. మా పాత మగ్గాలు అంగుళాల కొలతవి, పానాలను సూత్‌లలో లెక్కిస్తాం, ఎనిమిది సూత్‌లు ఒక అంగుళం. బండి నట్లు మిల్లీమీటర్లవి. ఇంటి దగ్గర పక్కింటాయన అరువిచ్చిన పానా పక్కింటాయన దగ్గరే ఉంది. ఒక్కొక్కటే పెట్టి చూశాను. ఐదు సూత్‌లది ఎక్కలేదు. ఏడు గిరగిరా తిరిగింది. ఆరు పట్టింది.

నేను నట్టు వదులు చేస్తుంటే మామ అటు తిరిగి రోడ్డు చూస్తూ నిలబడ్డాడు. ఎవరికో ఇంజక్షన్ ఇస్తున్నప్పుడు బంధువులు అలా నిలబడతారు. చిన్న నట్లు కటింగ్ ప్లేయర్‌తో తిప్పి, చక్రాన్ని ముందుకు నెట్టి, ఆయన్ని మళ్లీ ఎక్కించి చైన్ కింద వేలు పెట్టాను. బరువుతో కూడా కాస్త ఆడుతోంది.

"చూడు మామా, సరిపోతదా?"

ఆయన చూశాడు. "నాకైతే సిగ్గనిపిస్తంది" అన్నాడు. "చక్రం నట్టు బిగించు. పోదాం."

మూలుగు లేదు. సచిన్ షెడ్ గేటులోకి వెళ్లేసరికి తొమ్మిది ఇరవైఆరు. సేఠ్, పంతులు, ఇరవైమంది కారీగర్లు మగ్గం చుట్టూ నిలబడి ఉన్నారు. నేను పరుగున వెళ్లి హ్యాండిల్ మీద చెయ్యి వేయబోయి ఆగాను. మోచేతుల దాకా నల్లటి గ్రీజు. మగ్గం మీద తెల్లటి గుడ్డ. ఏడాది మొదటి జానెడు మీద గ్రీజు మరక పడిన షెడ్‌లో నేను ఫిట్టర్‌గా ఉండలేను, నన్ను ఎవరూ ఉండనివ్వరు. చైన్ గ్రీజు నీళ్లకు పోదు, కిరసనాయిలు కావాలి, పావుగంట కావాలి. నా దగ్గర మూడు నిమిషాలున్నాయి.

దారంతా చైన్‌ను ఒక్కసారి, అదీ వేలి కొసతో ముట్టుకుని, మిగతాసేపు బరువుగా పనిచేసిన మామ చేతులు శుభ్రంగా ఉన్నాయి. ఆ వేలు కూడా ఆయన అప్పటికే నా చొక్కాకు తుడుచుకున్నాడు. కానీ చెయ్యి ఒక్కటే ఉండాలి కదా. సేఠ్ పంతులు వైపు చూశాడు. పంతులు గడియారం వైపు చూశాడు.

"నా చెయ్యి మీద నీ చెయ్యి బెట్టు" అన్నాడు మామ. "నీదే నొక్కుతది. నాది తొడుగు."

ఆయన అరచెయ్యి హ్యాండిల్ మీద, నా నల్ల చెయ్యి ఆయన చెయ్యి పైన. నొక్కాను. షటిల్ దూకింది. అలాగే గుడ్డ కూడా నిమిరాం. ఎవరో ఫోనులో ఫొటో తీశారు. చూస్తే ఇద్దరు మంత్రులు ఒకే ఫైలు కోసం కొట్లాడుతున్నట్టుంటుంది. "ఏక్ హాథ్ హువా క్యా?" ఇది ఒకే చెయ్యి అయినట్టేనా అని సేఠ్ అడిగాడు. పంతులు పైచెయ్యి ఎవరిదైతే చెయ్యి వాళ్లదేనని తీర్పు చెప్పి దక్షిణ పళ్లెం దగ్గరికి వెళ్లాడు.

సేఠ్ నా చేతులు చూసి, "గాడీ చల్తీ హై నా?" అన్నాడు. బండి నడుస్తోందా అని.

నడుస్తోందన్నాను. మూడు షెడ్లు అలాగే నాకు మిగిలాయి, మగ్గాలు తుక్కుకు పోయేదాకా.

సాయంత్రం లావణ్య బండి తుడుస్తూ, చైన్ కవర్ మీద పాత యజమాని అంటించిన నెమలి బొమ్మ స్టిక్కర్ పీకింది. కింద కంపెనీవాళ్ల చిన్న స్టిక్కర్ ఉంది. చైన్ కింది వరస మధ్యలో ఎన్ని మిల్లీమీటర్లు ఆడాలో బొమ్మ వేసి మరీ రాశారు. ఆమె దాన్ని తండ్రికి చదివి వినిపించింది. రెండుసార్లు. నేను ఆయన మిగతా రెండు హోదాల గౌరవం కోసం వంటింట్లోకి వెళ్లిపోయాను.

ఆ పని నాకు నేర్పింది ఇది. మగ్గానికైనా బండికైనా బిగింపు చూసేటప్పుడు, అది ఖాళీగా ఉన్నప్పుడు ఎలా ఉందని కాదు, మోయవలసిన బరువు ఎక్కాక ఎలా ఉంటుందని చూడాలి. సుద్దగీత నట్టు కదిలిందా లేదా అన్నది చెబుతుంది. సరైన చోట బిగించామా అన్నది చెప్పదు. ఇప్పుడు నేను ఇళ్లకు నీళ్ల ఫిల్టర్లు బిగించే పనిలో ఉన్నాను, అదే బండి మీద తిరుగుతున్నాను.

వెనక చక్రం నట్టుకు పంతొమ్మిది నంబరు పానా కావాలి. అది లేకపోతే ఆరు సూత్‌లది పడుతుంది.